రాని రికార్డుకు వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక ఆట పెట్టాను, గుర్తుందా? చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. 1969 జనవరి 10న ఇంగ్లండు నలుగురి బ్యాండు బీటిల్స్‌లో గిటారిస్టు జార్జ్ హారిసన్, రిహార్సల్ మధ్యలో లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇది నిజంగా జరిగిందే, లండన్ శివార్లలోని ట్వికెన్‌హామ్ సినిమా స్టూడియోలో. తర్వాత రాజీ కుదిరింది, ఆ నెలలోనే తిరిగొచ్చేశాడు. రాకపోయి ఉంటే? అణాపైసలతో సహా లెక్క తేల్చుకుని, తన పాటలన్నీ చంకన పెట్టుకుని, ఆ వేసవిలోపే సొంతంగా ఒక ఎల్పీ రికార్డు వేసి ఉంటే? ఆ లేని ఎల్పీకి ‘పదో తారీఖు’ అని పేరు పెట్టి, పది పాటలు ఎంచి, అట్ట మీద బొమ్మ ఎలా ఉండేదో కూడా రాసేశాను. షరతు ఒక్కటే పెట్టుకున్నాను: 1969 ఫిబ్రవరి 25 నాటికి ఆయన దగ్గర ఉన్న పాటలే వాడాలి. అది ఆయన ఇరవయ్యారో పుట్టినరోజు, ఆ రోజే ఒంటరిగా ఈఎంఐ స్టూడియోకి వెళ్ళి మూడు పాటలు డెమోలుగా, అంటే నమూనాగా, ఎక్కించుకున్నాడు.

దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు దులిపేశారు, ఒకాయన మాత్రం ఆటని ఆటగా చదవకుండా కొట్టుకి వెళ్ళి రికార్డు అడిగి వచ్చాడు. ఆయన సంగతి కింద ఉంది.

ప్రశ్న: హారిసన్ 1970లో మూడు రికార్డుల పెట్టె వేశాడు కదండీ, ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. మొత్తం ఇరవై మూడు ట్రాకులు. ఉన్నది వదిలిపెట్టి లేనిదాని కోసం ఈ దేవులాట దేనికి?
- రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, పెరంబూరు

జవాబు: అయ్యా, ఇందులో ప్రశ్న సగం, చీవాట్లు సగం. అయినా న్యాయంగానే అడిగారు. ముందు నా గొడవ ఒకటి వినండి. ఆ పెట్టెను నేను మొదట విన్నది పెట్టెగా కాదు. 1985లో మూర్ మార్కెట్ తగలబడింది చూడండి, దానికి ఏడాది ముందు అనుకుంటా, మౌంట్ రోడ్డు పక్క సందులో క్యాసెట్లు ఎక్కించి ఇచ్చే కొట్టు ఒకటుండేది, పేరెందుకులెండి, అక్కడ ఈ రికార్డులు కనబడితే నా దగ్గరున్న గంట క్యాసెట్టు ఇచ్చి ఎక్కించమన్నాను. మూడో రికార్డు వాళ్ళు సరదాగా వాయించుకున్న జామ్, అది దండగ అన్నాడు కొట్లో కుర్రాడు. సరే అన్నాను. కానీ మిగతా రెండు రికార్డులే గంటంబావు దాటతాయి. గంట క్యాసెట్టులో గంటంబావు ఎక్కడ పడుతుంది? వాడికి నచ్చనివి వాడు ఎత్తేశాడు, ఒక పాట మధ్యలో టేపు అయిపోతే తిప్పి రెండో పక్క అక్కణ్ణుంచే మొదలెట్టాడు. పదేళ్ళ పాటు నాకు అదే అసలు ఆల్బమ్. తర్వాతెప్పుడో సీడీ కొంటే ‘ఈ పాటేంటి మధ్యలో దూరింది’ అని చిరాకేసింది కూడా. కాబట్టి జరగని చరిత్ర అనేది నాకు గొప్ప ఊహేం కాదు, సందులో కొట్టువాడు పన్నెండు రూపాయలకు చేసిచ్చాడు.

ఇక అసలు విషయం. 1970 పెట్టెలో పాటలు 1970వి కావు, అదీ తిరకాసు. ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’, ‘ఆర్ట్ ఆఫ్ డయింగ్’ 1966 నాటివి. ‘ఐడ్ హావ్ యూ ఎనీటైమ్’ 1968 చివర్లో అమెరికా వెళ్ళి పాటగాడు బాబ్ డిలన్ ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి కట్టింది. ‘లెట్ ఇట్ డౌన్’, ‘హియర్ మీ లార్డ్’, ఆ పెట్టెకు పేరిచ్చిన పాట, ఈ మూడూ 1969 జనవరిలో మిగతా ముగ్గురికీ వినిపించినవే. వాళ్ళు విన్నారు, కాస్త వాయించారు, వదిలేశారు. ఉమ్మడి కుటుంబంలో మూడోవాడి వాటా ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు కదా, పెద్దవాళ్ళిద్దరూ పొలం పంచుకున్నాక గట్టు మీద చెట్టు వాడికి. 1967లో ‘సార్జెంట్ పెప్పర్’లో ఆయన పాట ఒక్కటి. 1968లో ముప్పై పాటల జంట ఆల్బమ్ వేస్తే అందులో నాలుగు. ‘నాట్ గిల్టీ’ అని ఒకటి కట్టి వందకు పైగా టేకులు తీయించుకుని, చివరికి ఆల్బమ్‌లోంచి తీసేశారు. అది జనం విన్నది 1979లో! ఇవన్నీ కడుపులో పెట్టుకునే కాబోలు, 1969 జనవరి 29న, అంటే బీటిల్స్ తమ ఆఫీసు మేడ మీద చేసిన ఆ ప్రసిద్ధమైన కచేరీకి ముందు రోజు, ఆయన తోటి బీటిల్ జాన్ లెనన్‌తో అనేశాడు: నా కోటా చొప్పున చూసుకుంటే వచ్చే పదేళ్ళకు సరిపడా పాటలున్నాయి, నావి నేనే ఒక ఆల్బమ్ వేసుకోవాలనుంది అని. కోటా అనే మాట ఆయనదే. రేషన్ కార్డు ఎరిగినవాళ్ళకి ఆ మాటలో ఉన్న మంట తెలుస్తుంది.

సరే, పాటలు అవే కదా, ఏడాదిన్నర ఆలస్యమైతే పోయిందేమిటి అంటారేమో. మోత తేడా అండీ. 1970లో వాటిని ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ చేతిలో పెట్టాడు, ఆయన గదినిండా మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక గిటారు చాలు అనుకున్న చోట నాలుగు వాయింపించి, పైన ప్రతిధ్వని కుమ్మరించే రకం. బాగుంటుంది, కాదనను, గుడిలో పెద్ద గంట కొట్టినట్టుంటుంది. కానీ 2001లో ఆ పెట్టెను మళ్ళీ విడుదల చేసినప్పుడు హారిసనే ఆ హోరు కొంత తగ్గించాలనిపించిందని చెప్పుకున్నాడు. ఫిబ్రవరి 25 డెమోలు 1996లో వచ్చిన ‘ఆంథాలజీ 3’లో ఉన్నాయి, దొరుకుతాయి, వినండి. ఒక్కడే మనిషి, గిటారు, వెనక బృందమేమీ లేదు. గొంతు కొంచెం భయంగా ఉంటుంది. నేను ఊహించిన రికార్డు ఆ గొంతుది. ఉన్నదాన్ని కాదనడానికి కాదు ఈ ఆట, ఆ రోజు సొరుగులో ఏముందో చూద్దామని.

ప్రశ్న: ‘మై స్వీట్ లార్డ్’ లేకుండా హారిసన్ సోలో ఆల్బమా? ‘హియర్ కమ్స్ ద సన్’ కూడా లేదు! మీ లిస్టు మార్చండి సార్, ప్లీజ్.
- సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, వేలచ్చేరి

జవాబు: మార్చను తమ్ముడూ. ‘మై స్వీట్ లార్డ్’ పుట్టింది 1969 డిసెంబర్లో, డెలానీ అండ్ బానీ బృందంతో కలిసి ఆయన యూరప్ తిరుగుతున్నప్పుడు, కోపెన్‌హేగన్లో. మన రికార్డు మార్కెట్‌కి వచ్చి ఆర్నెల్లయిపోయి ఉంటుంది అప్పటికి. పుట్టని బిడ్డకు కుట్టిన చొక్కా నా లిస్టులో పెట్టను.

రెండోది ఇంకా చిత్రం. అది ఎలా పుట్టిందో తెలుసుగా? ఆపిల్ అనే వాళ్ళ కంపెనీలో అప్పట్లో రోజూ మీటింగులు, లెక్కలు, లాయర్లు. ఒకరోజు ఈయన ఆఫీసు ఎగ్గొట్టి గిటారిస్టు స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి పోయి, తోటలో గిటారు పట్టుకుని తిరుగుతుంటే ఆ పాట వచ్చింది. ఇప్పుడు చెప్పు, జనవరిలోనే అన్నీ తెంచుకుని ఇంట్లో కూర్చున్నవాడికి ఎగ్గొట్టడానికి ఆఫీసేదీ? నువ్వు సోమవారం సిక్ లీవ్ పెట్టి బీసెంట్ నగర్ బీచ్‌లో కూర్చున్న సుఖం, ఉద్యోగం మానేసినవాడికి అదే బీచ్‌లో వస్తుందా? ఈ ఆటలో నాకు నచ్చేది ఇదే. ఒక దారం లాగితే అటువైపు ఇంకేదో ఊడుతుంది. పదో తారీఖున పోట్లాడి ఇంటికొచ్చి, అదే ఊపులో రాసుకున్న ‘వా వా’ మనకు దక్కుతుంది, ‘హియర్ కమ్స్ ద సన్’ పోతుంది. ఈ ఖర్చు ఒప్పుకోకుండా రెండూ కావాలంటే అది ఆల్బమ్ కాదు, బఫే.

‘సంథింగ్’ మాత్రం ఉంది చూసుకో, రెండో వైపు మొదటి పాట. జనవరి నెలాఖరుకు కూడా అందులో ఒక లైను కుదరక ‘కాలీఫ్లవర్’ అని, ‘దానిమ్మపండు’ అని నోటికొచ్చింది పెట్టి పాడుకుంటున్నారు వాళ్ళు. నెల తిరక్కుండానే డెమో అయింది. కాబట్టి నా షరతులోకి వస్తుంది, బొటాబొటీగా.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళుగా వీణ చెబుతున్నాను. మా అబ్బాయి వల్ల హారిసన్ పాటలు అలవాటయ్యాయి. మీ ‘పదో తారీఖు’ చదువుతుంటే ఆయన స్లైడ్ గిటారే చెవిలో మోగింది, మా జారు గమకంలాగా. మీరు దాని గురించి ఒక్క మాటా రాయలేదేం?
- వీణ టీచరు, మైలాపూరు

జవాబు: అమ్మా, రాయకపోవడానికి కారణం ఉంది. అప్పటికి ఆయనకి స్లైడ్, అంటే వేలికి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చే పద్ధతి, రాదు. నేను కూడా మొదట మీలాగే ఊహించుకుని ఒక పేరా రాసేశాను, తర్వాత తేదీలు చూసుకుని కొట్టేశాను. స్లైడ్ పట్టింది ఇందాక చెప్పిన ఆ 1969 డిసెంబర్ పర్యటనలోనే. ఆ రెండు వారాల్లో ఆయనకి ‘మై స్వీట్ లార్డ్’ దొరికింది, స్లైడూ దొరికింది, ఏడాది తిరిగేసరికి ఆ పెట్టెలో వాయించిన మనుషుల్లో కొందరూ దొరికారు. ముందే వెళ్ళిపోయి సొంత రికార్డు వేసుకున్నవాడు ఇంకొకళ్ళ బృందంలో వెనక నిలబడి గిటారు వాయించడానికి బస్సెక్కేవాడా? నాకు అనుమానమే.

మీ చెవి మాత్రం తప్పు వినలేదు. తీగను మెట్ల మీద ఆపి ఆపి వాయించేవాడికీ, ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి తెగకుండా జారేవాడికీ మధ్య ఉన్న దూరం ఆయన సితార్ మీద చూశాడు. 1966లో రవిశంకర్ దగ్గర కూర్చున్నాడు, బొంబాయి వచ్చి కొన్ని వారాలు ఉన్నాడు. తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచే మీండ్ వేళ్ళకి తెలిసింది. 1968కల్లా సితార్ పక్కనపెట్టేశాడు, రోజుకు అన్ని గంటల సాధన లేకుండా ఇందులో పైకి రావడం కుదరదని తెలుసుకున్నాడు. మీ శిష్యుల్లో ఎంతమందికి ఆ తెలివి ఉందో మీకే తెలియాలి! వేళ్ళు గిటారుకు తిరిగొచ్చాయి గానీ చెవి రాలేదు. ఆ చెవికి తగ్గ పనిముట్టు స్లైడ్ రూపంలో దొరకడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

అందుకని మన రికార్డులో గిటారు మధ్యస్థంగా ఉంటుంది. చేతిలో క్లాప్టన్ ఇచ్చిన ఎర్ర లెస్ పాల్ గిటారు, దాన్ని లోపల గిరగిరా తిరిగే లెస్లీ స్పీకరు పెట్టెలోంచి పంపిస్తే స్వరం నీళ్ళలో ఊగినట్టుంటుంది. జారదు, వణుకుతుంది. జారు నేర్వక ముందు కంపితం దగ్గర ఆగిపోయిన పిల్లవాడనుకోండి. నాకు ఆ దశ ఇష్టం.

ప్రశ్న: సరే సార్, కూడా వాయించేది ఎవరు? డ్రమ్స్ రింగోనేనా? ఇటు ఈయన పోతే బీటిల్స్ ఏమయ్యేవాళ్ళు?
- ఇంజినీరింగ్ సెకండియర్, గిండీ

జవాబు: డ్రమ్స్ దగ్గర నేనూ ఇరుక్కుపోయాను. బీటిల్స్ డ్రమ్మరు రింగో మనసు ఇటే ఉంటుంది. ఎందుకంటే ఆయనా 1968 ఆగస్టులో ఇలాగే అలిగి రెండు వారాలు పోయినవాడే, తిరిగొచ్చేసరికి డ్రమ్స్ నిండా పూలు పెట్టారు మిగతావాళ్ళు. (జార్జ్ తిరిగొచ్చినప్పుడు పూలు పెట్టినట్టు నేనెక్కడా చదవలేదు.) కానీ రింగోకి ఆ ఫిబ్రవరి నుంచి సినిమా షూటింగు ఉంది, జనవరిలో అంత తొందర పడిందే అందుకు. అందుకని నా లెక్క: ఆదివారాలు వచ్చి రెండు మూడు పాటలకు రింగో, మిగతావి డ్రమ్స్ లేకుండానో, చేతికి దొరికినవాళ్ళతోనో.

కీబోర్డు దగ్గర మాత్రం నా ఊహ గట్టిది, దీని మీద పందెం కాస్తాను. అసలు చరిత్రలో బిల్లీ ప్రెస్టన్ ఎలా వచ్చాడు? ఆ జనవరిలో అమెరికా గాయకుడు రే చార్ల్స్ కచేరీ చూడ్డానికి జార్జ్ వెళ్ళాడు, స్టేజీ మీద బిల్లీ కనిపించాడు. బీటిల్స్ పేరు రాక ముందు జర్మనీలోని హాంబర్గ్‌లో వాయించిన రోజుల నాటి పాత స్నేహితుడు. జనవరి 22న ఆపిల్ ఆఫీసుకు వచ్చాడు, వచ్చీరాగానే కూర్చోబెట్టి వాయింపించారు, పోట్లాటలన్నీ ఒక్కసారి చల్లబడ్డాయి. చుట్టాలొస్తే మొగుడూపెళ్ళాలు గొంతు తగ్గిస్తారు చూడు, అలాగ. ఇప్పుడు జార్జ్ తిరిగి రాలేదనుకో. కచేరీకి మాత్రం వెళ్ళకుండా ఉంటాడా? వెళ్తాడు. అప్పుడు బిల్లీ ఎవరింటికి వస్తాడు? ఎషర్‌లో జార్జ్ బంగళాకి. అంటే మన రికార్డుకు ఆ ఎలక్ట్రిక్ పియానో వస్తుంది, అటు బీటిల్స్ పాటల్లోంచి అది పోతుంది. మేడ మీది కచేరీ ఒకసారి ఆ పియానో లేకుండా ఊహించుకో. నేను ప్రయత్నించాను, చప్పగా ఉంది.

బీటిల్స్ అంటావా? జార్జ్ రాకపోతే క్లాప్టన్‌ను పిలుద్దాం అని జాన్ ఆ రోజుల్లోనే అన్నాడు, టేపులో ఉంది. కానీ క్లాప్టన్ ఎవరు? జార్జ్‌కు ప్రాణస్నేహితుడు. స్నేహితుడు అలిగి లేచిపోయిన పీట మీద కూర్చుని భోంచేసేంత మొహమాటం లేని మనిషి కాడని నా నమ్మకం.

ఇంకో సంగతి, ఇది మన పండగలతో కలిసొచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. పదో తారీఖున లేచిపోయినవాడు భోగికి అమ్మానాన్నల దగ్గరున్నాడు. కనుమనాడు కాకైనా కదలదంటారు, ఈయన సరిగ్గా పదిహేనో తారీఖునే లండన్ వచ్చి మిగతావాళ్ళతో కూర్చుని షరతులు పెట్టాడు: ఆ సినిమా స్టూడియో వద్దు, టీవీ షో హంగామా వద్దు, మన ఆఫీసు నేలమాళిగలో వాయించుకుందాం అని. ఒప్పుకున్నారు. ఆ ఒక్క కనుమ ప్రయాణం మానుకుని ఉంటే నాకు ఈ శీర్షిక రాసే పని ఉండేది కాదు, ‘పదో తారీఖు’ మీ అందరి ఇళ్ళలోనూ ఉండేది.

ప్రశ్న: మీరు రాసింది చదివి మౌంట్ రోడ్డులో రెండు షాపులు, పురసవాకంలో ఒకటి తిరిగాను. ‘అలాంటి రికార్డే లేదు’ అన్నారు. ఎక్కడ దొరుకుతుందో అడ్రసు చెప్పగలరు.
- పాఠకుడు, చూళై

జవాబు: క్షమించండి. ఎండలో తిప్పాను. షాపువాళ్ళు చెప్పింది నిజం. బస్సు చార్జీలు ఎంతయ్యాయో రాయండి, ఇవ్వలేను గానీ తెలుసుకుంటాను.

ప్రశ్న: మీ వ్యాసం వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన రాత్రి పన్నెండు దాకా ఫోన్లో పాటలు ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చుంటున్నారు. ‘మొదటి వైపు ఇరవై రెండు నిమిషాలు దాటకూడదు’ అని నిద్రలో కూడా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?
- గృహిణి, టీ నగర్

జవాబు: అమ్మా, మీ ఆయన చెప్పింది రైటే, అదే నన్ను భయపెడుతోంది. ఎల్పీకి ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే రికార్డు మీది గాడులు దగ్గర దగ్గరగా కోయాల్సొచ్చి మోత తగ్గిపోతుంది. ఫోన్‌లో ఆ బాధ లేదు, అయినా ఆ కొలత పెట్టుకున్నారంటే మనిషి ఆట నియమాలు పాటిస్తున్నాడన్నమాట. ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’ 1970 రూపంలో ఏడు నిమిషాల పైన ఉంటుంది, ఆయన ఇరుక్కుంది అక్కడే అయ్యుంటుంది. డెమో మాదిరి చిన్నగా అనుకోమనండి, రెండో చరణం తర్వాత ఆపేస్తే ఆ రాత్రికి నిద్రపోతారు. అప్పటికీ ఆగకపోతే పానగల్ పార్కు దాకా నడిపించుకు రండి, ఫోన్ ఇంట్లో పెట్టి.

ప్రశ్న: ఇంత రాశారు, ఈ హారిసన్ ఎప్పుడైనా మన మద్రాసు వచ్చాడా?
- కాలేజీ లెక్చరర్, తాంబరం

జవాబు: వచ్చాడు, పని మీదే వచ్చాడు. రవిశంకర్ ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’ అని వేదమంత్రాలు, శ్లోకాలు స్వరపరిచి ఒక ఆల్బమ్ చేశారు, 1997లో విడుదలైంది. దానికి ప్రొడ్యూసర్ హారిసన్. రికార్డింగ్ కొంత ఇంగ్లండులో ఆయన ఇంట్లో, కొంత 1996లో ఇక్కడ మద్రాసులో. అవును, ఊరు చెన్నై అయిన ఏడాదే. ‘సహనావవతు’ మనం బళ్ళో అన్నం ముందు అరిచేవాళ్ళం, అదే మంత్రం ఆ రికార్డులో విన్నప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆయన పేరు పెద్దక్షరాల్లో వేసుకుని అమ్ముకోగలిగిన చోట పక్కకు తప్పుకుని, మైకు ఎక్కడ పెట్టాలి, ఎవరి గొంతు ముందుండాలి అని చూసుకున్నాడు.

అంతకుముందు 1974లో రవిశంకర్ బృందంతో కలిసి అమెరికా అంతా తిరిగినప్పుడు మనవైపు వాళ్ళిద్దరు ఉన్నారు అందులో: వయొలిన్ ఎల్. సుబ్రహ్మణ్యం, మృదంగం టి.వి. గోపాలకృష్ణన్. డిసెంబర్ సభల్లో కాంటీన్ దోసె తింటూ ఈ మాట చెబితే పక్కవాళ్ళు నమ్మరు. ఊహించిన రికార్డు గురించి ఇన్ని ఉత్తరాలు రాశారు గానీ, నిజంగా మన ఊళ్ళో చేసిన ఈ రికార్డు గురించి అడిగింది మీరొక్కరే.

ప్రశ్న: మా నాన్నగారు కోడంబాకం స్టూడియోల్లో గిటారు వాయించేవారు. తెలుగు, తమిళం, కన్నడం, ఏది పిలిస్తే అది. రోజుకు రెండు కాల్షీట్లు. ఏ రికార్డు మీదా ఆయన పేరు లేదు. మూడేళ్ళ కిందట పోయారు. మొన్న అటక దులుపుతుంటే స్పూలు టేపులు ఏడు డబ్బాలు దొరికాయి. ఆరింటి మీద సినిమా కంపెనీల పేర్లున్నాయి, ఒకదాని మీద మాత్రం పెన్సిలుతో ‘సొంతం’ అని రాసి ఉంది. వినడానికి మెషిన్ లేదు. మీరు హారిసన్‌కు రాసినట్టే మా నాన్నగారికి కూడా ఒక ఊహా ఆల్బమ్ రాస్తారా?
- పాఠకురాలు, సాలిగ్రామం

జవాబు: రాయనమ్మా. ఆ డబ్బా తెరవక ముందు అస్సలు రాయను. హారిసన్‌కు రాశానంటే ఆయన సొరుగులో ఏమేం ఉన్నాయో తారీఖులతో సహా తెలుసు కాబట్టి రాశాను. మీ నాన్నగారి సొరుగు మీ అటక మీదే ఉంది.

మా మేనమామ కూడా ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాలోనే ఉండేవాడు, వయొలిన్ వరసలో మూడో కుర్చీ. పాట రేడియోలో వస్తే ‘ఇదిగో, ఇక్కడ నేను’ అనేవాడు, పది వయొలిన్లు ఒకేసారి మోగుతుంటే. మేం నవ్వేవాళ్ళం. ఆయన టేపులు మాత్రం దాచుకోలేదు.

ముందు చెయ్యకూడనివి చెబుతాను. ఎవరో పాత ప్లేయర్ ఉందంటే తీసుకెళ్ళి పెట్టెయ్యకండి. గబగబా ముందుకూ వెనక్కూ తిప్పి చూడకండి. స్పూలును కదపకుండా వెలుతురుకు పట్టుకుని చూడండి: చుట్టలోంచి వెలుతురు కనిపిస్తే అది పాతకాలపు అసిటేట్ టేపు, డబ్బా తీయగానే వెనిగర్ వాసన వస్తే పాడవడం మొదలైనట్టు, దాన్ని మిగతావాటి పక్కన పెట్టకండి. వెలుతురు కనబడకపోతే పాలియెస్టరు, డెబ్బైల తర్వాతిది అయ్యుండొచ్చు. వాటిలో కొన్నిటికి ఇంకో జబ్బు ఉంటుంది. మన సముద్రపు గాలిలో తేమ తాగి తాగి, పైనున్న పూత జిగురుగా మారుతుంది. అలాంటిది వాయిస్తే ఆ పూతే ఊడి మెషిన్‌కు అంటుకుంటుంది, పాట దాంతోపాటే పోతుంది. తెలిసినవాళ్ళు దాన్ని సన్నటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఆరిన కొద్ది రోజుల్లోపే కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఇంట్లో ఒవెన్‌లో ప్రయత్నం చెయ్యొద్దు, అసిటేట్‌కైతే అసలా వైద్యమే పనికిరాదు. అప్పటిదాకా నిలువుగా, పుస్తకాలు పెట్టినట్టు, ఫ్రిజ్‌కీ స్పీకర్లకీ దూరంగా పెట్టండి. అటక మీదకి మాత్రం మళ్ళీ ఎక్కించకండి.

అందులో ఏముంటుందో నాకు తెలియదు. ఆయనే కట్టిన వరసలు ఉండొచ్చు. కాల్షీటుకీ కాల్షీటుకీ మధ్య ఖాళీలో ఇంజినీరు దయతలచి ఎక్కించిన ఐదు నిమిషాలు కావచ్చు. లేదంటే ఆ టేపు కంపెనీది కాదు, నేను కొనుక్కున్నది, ఎవరూ పట్టుకుపోవద్దు అని చెప్పడానికే ‘సొంతం’ అని రాసుకుని ఉండొచ్చు. స్టూడియోల్లో టేపులు మాయమవడం మామూలే.

పత్రిక ఆఫీసుకు పోస్టులో పంపకండి, దార్లో ఎండకు పెట్టేస్తారు. ఫోన్ నంబరు ఎడిటర్‌గారికి ఇచ్చి పెట్టండి. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం నేనే సాలిగ్రామం వస్తాను, టేపుల పని తెలిసిన స్నేహితుణ్ణి కూడా తీసుకొస్తాను, అతను మాట్లాడడు గానీ చేతులు మంచివి. ఈలోగా ఆ పెన్సిలు రాత మీద సెల్లోటేపు అతికించకండి, తుడవకండి. ఒక ఫోటో తీసి ఉంచండి, అంతే.